తలకిందులైన ఊరు

రెండేండ్ల కింద పులివెందుల నుంచి జమ్మలమడుగు పోయే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన ఒడిలో రేకుపెట్టె పెట్టుకొని కూర్చున్నాడు. "ఏంది మామా అది?" అని అడిగిన పాపానికి నా మీద విరుచుకుపడ్డాడు.

"మ్యాజిక్ లాంతరప్పా! గాజుపలక మీద బొమ్మ గీసి, లోపల దీపం పెడితే తెర మీద పెద్దగా పడతాది. గండికోట డ్యాం నీళ్లల్లో మునిగిన ఊర్ల మీద నాటకమని నిన్న పులివెందుల హాల్లోకి పిలిపించినారు. మా ఊరు గూడా మునిగిందే. బొమ్మ నేనే గీసినా."

"బాగా జరిగిందా?"

"ఏంది జరిగేది! పలకను తలకిందులు పెడితేనే తెర మీద సక్కగా పడతాది. ఆ నాటకమాయప్ప 'నేను పెడతాలే తాతా' అని తలకిందులు చేయకుండా ఉన్నదున్నట్టే పెట్నాడు. మా ఊరు తలకిందులైంది. తిప్పుదామని లేస్తే భుజం పట్టి కూర్చోబెట్నాడు. ఎందుకో తెల్సునా? జనం అది నీళ్లల్లో నీడ అనుకొని చప్పట్లు కొడతాండారు!"

పెట్టె తెరిచి పలక నా చేతికిచ్చాడు. కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. అరుగులు, పశువుల కొట్టం, ఒక ఇంటి ముందర దండెం మీద ఎర్రచీర.

"ఆ చీర మా యమ్మది. చప్పట్లు కొట్నోళ్లకు సిగ్గుండల్లా?"

"ఉండాల" అన్నాను, తీర్పు చెప్పే పెద్దమనిషి మాదిరి.

ముద్దనూరులో దిగుతూ పలక తీసుకున్నాడు. "నువ్వొక్కనివన్నా మా ఊరిని సక్కగా చూసినావు లేప్పా" అన్నాడు.

ముందురోజు ఆ హాల్లో, మూడో వరసలో కూర్చొని, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.