వరుస తప్పిన పేర్లు

పోయిన గురువారం పొద్దున పదకొండు గంటలప్పుడు ఖమ్మంలో మా ఆఫీసులో ఉండగా ఫోను వచ్చింది. చేసింది ఆశా అక్క. ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక ఆరోగ్య కేంద్రంలో నేను పనిచేసిన రోజుల్లో వాగు అవతలి ఊళ్లకు ఆమే ఆశా కార్యకర్త.

"మన ఆపా పోయింది పిల్లా. పొద్దుగాల ఛాతిల నొప్పి అన్నదంట. దవాఖానాకు తీస్కపోయేలోపే అయిపోయింది" అంది. ఎవరం ముందు ఫోను పెట్టేశామో కూడా గుర్తు లేదు. నేను కొత్తగూడెం బస్సెక్కాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమె నాకు చుట్టం కాదు. ఆ ఆరోగ్య కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటర్. నేను ఆమె కింద చేరిన రెండో ఆపరేటర్ని. కొత్తగూడెంలో ఆమె తండ్రి రేకు పెట్టెలు చేసి అమ్మేవాడు. ఆయన పోయాక దుకాణం మూతపడింది. ఆపా పెళ్లి చేసుకోలేదు. అక్కతో కలిసి ఆ ఇంట్లోనే ఉంటూ రోజూ పొద్దున్నే బస్సులో వచ్చి, సాయంత్రం బస్సులో వెళ్లేది.

నేను చేరేనాటికి మా నాన్న మంచంలో ఉన్నాడు. బొగ్గు బాయిలో కప్పు కూలి నడుము పోయింది. కాంట్రాక్టు కూలీ కాబట్టి ఆయన బదులు ఇంట్లో ఒకరికి వచ్చే ఉద్యోగం కూడా లేదు. నాదీ కాంట్రాక్టు నౌకరీయే, ఏ నెలలో వద్దంటారో తెలియదు. పైగా మా కంప్యూటర్ గది ఒకప్పటి సామాన్ల గది. సెలైన్ డబ్బాలు అడ్డం వచ్చి తలుపు సగమే తెరుచుకునేది. ఒకరు లోపలికి రావాలంటే ఒకరు లేచి నిలబడాలి. మొదటి వారం ఆ గదిలో నాకు ఊపిరి ఆడలేదు. ఆపా మాత్రం సోంపు నములుతూ, రిజిస్టరు మీద స్టీలు స్కేలు పెట్టి ఒక్కో వరుసే కిందికి జరుపుతూ, హాయిగా పనిచేసుకునేది.

ఎక్సెల్ నాకు వచ్చనుకునేదాన్ని. పిల్లల వయసులను చిన్న నుంచి పెద్దకు వరుస పెట్టమంటే పెట్టాను. రెండు కన్నా ముందు పది వచ్చింది. కంప్యూటర్ చెడిపోయిందన్నాను.

ఆపా నవ్వింది. "అది చెడిపోలే. నువ్వు అంకె అనుకుంటున్నవ్, అది అక్షరం అనుకుంటుంది. ముందు ఒకటి ఉందా రెండు ఉందా అని చూస్తుంది, అంతె. గా గడిని అంకె కింద మార్చు, మళ్ల చూడు."

మార్చాక సరిగ్గా వచ్చింది. తేదీలతోనూ అదే తంటా. నెల ముందు వేసినవాళ్లు కొందరు, రోజు ముందు వేసినవాళ్లు కొందరు. ఆపా వాటన్నిటినీ ఒక్క తీరుకు తెచ్చేదాకా వరుస జోలికి పోనిచ్చేది కాదు. ముందు ఊరు, ఊర్లో ఇంటి నంబరు, ఇంట్లో వయసు, ఇలా మూడు మెట్లుగా వరుస పెట్టడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. జబ్బున్న వాళ్ల గళ్లకు ఎర్ర రంగు వేసి, రంగును బట్టి అన్నిటినీ పైకి తెచ్చి గొప్పగా చూపిస్తే, "మన ప్రింటర్ల నల్ల సిరా తప్ప ఏముంది పిల్లా? కాగితం మీద ఎరుపు ఏడ కనపడ్తది?" అంది. పక్కన ఇంకో గడి పెట్టి మాటల్లో రాయించింది.

ఒకసారి ఊళ్ల పేర్లను అక్షర క్రమంలో పెట్టి ఆశా అక్కకు ఇచ్చాను. ఆపా ఆ కాగితం వెనక్కి తీసుకుంది. "గిట్ల పోతే ఆమె వాగు మూడు సార్లు దాటాలె. నడిచే మనిషిని అడిగినవా?" అంది. ఆశా అక్కను కూర్చోబెట్టి, ఏ ఊరి తర్వాత ఏ ఊరికి పోతుందో అడిగి, ఆ నడక క్రమాన్నే కంప్యూటర్‌లో ప్రత్యేక వరుసగా రాసి పెట్టింది. ఆ తర్వాత ఏ జాబితా అయినా ఆ నడక ప్రకారమే వచ్చేది.

అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పిన మాట ఒకటే. "వరుస మార్చు, మనిషిని మార్చకు." పేరు జరిగితే దాని వెంట వయసు, ఊరు, జబ్బు అన్నీ జరగాలని ఆమె ఉద్దేశం.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఆనాడు అక్కడున్నవాళ్లకు తప్ప ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు వాగు అవతలి ఊళ్ల పిల్లలకు సికిల్ సెల్ పరీక్షలు చేశారు. రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు అది. తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఉన్నవాళ్లు తడవకూడదు, చలి తగలకూడదు, ఒళ్లు అలిసిపోకూడదు, లేకపోతే కీళ్లలో నొప్పులు తిరగబెడతాయి. ఫలితాల జాబితా నేనే తయారుచేశాను. ఆ రోజు ఆపా సెలవులో ఉంది. "నేను వచ్చి చూసినంక పంపు" అని ఫోన్లో చెప్పింది. డాక్టరుగారు తొందరపెట్టారు. ఆశా అక్క నడక సంగతి మరిచి, పేర్లన్నీ అక్షర క్రమంలో ఉంటే బాగుంటుందనుకుని పేర్ల నిలువు వరుసను మాత్రం పట్టుకుని నొక్కాను. పక్క గళ్లను కూడా కలపాలా, పట్టుకున్నది మాత్రమే మార్చాలా అని కంప్యూటర్ అడిగింది. సరిగ్గా చదవకుండా రెండోది నొక్కాను. ప్రింట్ తీసి ఆశా అక్కకు ఇచ్చి, ఫైలు సేవ్ చేసి మూసేసి, కిరాయి గదికి వెళ్లిపోయాను. సాయంత్రం వాన మొదలైంది.

మర్నాడు పొద్దున ఫైలు తెరిస్తే పేర్లు ఒక్కటే కదిలాయని అర్థమైంది. మిగతావన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఒకరి రక్తం ఇంకొకరి పేరు పక్కన పడింది. ఫైలు ఒకసారి మూశాను కాబట్టి వెనక్కి తిప్పే వీలు లేదు. ఆశా అక్క అప్పటికే ఆవలి ఊళ్లలో ఉంది. ఆపా మొదటి బస్సుకు వచ్చింది. ఆ బస్సు వెనకే రోడ్డు మునిగింది. ముందు ఒక వాగు, వెనక ఒక వాగు. కరెంటు వస్తూ పోతూ ఉంది, టవర్ పనిచేయక ఫోన్లకు సిగ్నల్ లేదు. ఆ సగం తెరుచుకునే తలుపు గదిలో ఆపా పక్కనే కూర్చుని, ఆ రోజంతా నేను నోరు విప్పలేదు. చెబితే నౌకరీ పోతుంది. నౌకరీ పోతే నాన్న మందులు ఆగుతాయి. నా మెదడు ఆ రెండు మాటల మధ్యే తిరిగింది. నా కిరాయి గది కూడా వెనక వాగు అవతలే కాబట్టి, రాత్రికి ఇద్దరం బయటి వరండాలో పడుకున్నాం. వాగు చప్పుడు వింటూ పడుకున్నాను తప్ప చెప్పలేదు.

రెండో రోజు ఆపాయే ఆ జాబితాను ఇంకో ప్రింటు తీసి స్కేలు పెట్టింది.

"ఇది ఆడపిల్ల పేరు. పక్కన మగ అని ఉందేంది?" స్కేలు కిందికి జరిపింది. "ఈడ కూడ గట్లనే ఉంది." ఇంకో నాలుగు వరుసలు చూసి, స్కేలు పక్కన పెట్టి నా మొహం చూసింది. "ఎన్నడు చూసినవ్?"

"నిన్న పొద్దున, ఆపా."

"నిన్నటి సంది గిట్లనే కూసున్నవా?"

నేను ఏడ్చాను. ఆమె తిట్టలేదు. ఓదార్చనూ లేదు. "లే. నీ నౌకరి ముచ్చట మళ్ల మాట్లాడుదం. ముందు ఆ కాగితం ఆపాలె" అని గొడుగు తీసింది.

వాగు దగ్గరికి నడిచి వెళ్లాం. ఆవలి ఒడ్డున కొందరు నీళ్లు తగ్గుతాయేమోనని నిలబడి ఉన్నారు. చేతులు ఊపి, ఆశా అక్కను పిలుచుకు రమ్మని సైగలు చేస్తే ఒకతను పరుగెత్తాడు. చాలాసేపటికి ఆమె వచ్చింది. ఆపా కేక వేసింది కానీ ఆమె గొంతు సన్నం, నీళ్ల హోరులో కలిసిపోయింది.

"నువ్వు కేకెయ్" అంది నాతో.

"అక్కా! లిస్టు పంచకు! తప్పుంది! లిస్టు పంచకు!" అని గొంతు పగిలేలా అరిచాను. ఆశా అక్క చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నది. మూడోసారికి అర్థమైంది. సంచిలోంచి కాగితం తీసి చూపించి, మడిచి మళ్లీ సంచిలో పెట్టింది. తర్వాత చెయ్యెత్తి రెండు వేళ్లు చూపించింది. రెండిళ్లలో అప్పటికే చెప్పేసింది.

ఏ రెండిళ్లో అడగాలన్నా, చెప్పాలన్నా ఆ నీళ్ల మీదుగా కుదరలేదు.

వెనక్కి వచ్చి కూర్చున్నాం. పేర్లు చెదిరినా రక్తం నమూనా నంబర్లు కదలలేదు. ఆపా వాటిని బట్టి జాబితాను వరుస పెట్టించింది. పరీక్ష గదిలోని చేతిరాత రిజిస్టరు కూడా అదే వరుసలో ఉంది. ఆమె స్కేలు జరుపుతూ బిడ్డ పేరు, తండ్రి పేరు చదివేది, నేను కొట్టేదాన్ని. కరెంటు పోయినప్పుడల్లా ఆగాం. ఒక పదమూడేళ్ల పిల్ల దగ్గర స్కేలు ఆగిపోయింది. తప్పు జాబితాలో ఆ పిల్లకు జబ్బు లేదు. అసలు జాబితాలో ఉంది.

"నాట్లు పడుతున్నయ్. ఏం లేదని చెప్తే తల్లి తోల్కపోతది" అంది ఆపా. వాగు తగ్గడానికి ఇంకా రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో మేం ఎన్నిసార్లు ఒడ్డుకు వెళ్లి నీళ్లు చూసి వచ్చామో లెక్క లేదు; కేకేసి చెబుదామంటే ఆవలి ఒడ్డున మళ్లీ ఎవరూ కనబడలేదు.

నీళ్లు మోకాలి లోతుకు తగ్గగానే దాటాం. ఆశా అక్క చెప్పిన రెండిళ్లలో ఒకటి ఆ పిల్లదే. రెండు రోజులు వానలో నాటు వేసి వచ్చి, కాళ్ల నొప్పులతో ముడుచుకుని పడుకుని ఉంది. ముట్టుకోనివ్వడం లేదు. మంచం మీదే వాగు దాటించి, అంబులెన్స్‌లో భద్రాచలం పెద్ద దవాఖానాకు పంపాం. చాలా రోజులు ఉండి, కోలుకుని ఇంటికి వచ్చింది.

పంపేముందు ఆపా నన్ను ఆ తల్లి ముందు నిలబెట్టింది. "నువ్వే చెప్పు" అంది.

"తప్పు నాది. కాగితంలో పేరు మార్చింది నేనే" అన్నాను. ఆశా అక్క ఆ మాటను కోయ భాషలో చెప్పింది. ఆ తల్లి నన్ను చూస్తూ ఒక్క ముక్క అన్నది. ఆశా అక్క దాన్ని తెలుగులో చెప్పలేదు. ఏమందని అడిగితే "ఇప్పుడెందుకు, నడు" అంది. ఈ రోజు వరకూ నాకు ఆ మాట తెలియదు.

రెండో ఇంట్లో, ఏ జబ్బూ లేని బిడ్డకు ఉందని విన్న తల్లి నాలుగు రోజులుగా అన్నం ముట్టలేదు. లేదని చెబితే నమ్మలేదు. ఆపా రిజిస్టరు తెరిచి, ఆమె వేలు పట్టుకుని ఆ గడి మీద పెట్టి, ఆశా అక్కతో నాలుగుసార్లు చెప్పించింది.

తర్వాత పైనుంచి సంజాయిషీ అడిగారు. ఆపా కాగితం తీసుకుని తనే రాసింది. జాబితా సరిచూసి పంపవలసిన బాధ్యత తనదనీ, చూడకుండా పంపాననీ రాసింది.

"మీరు సెలవులో ఉన్నారు కదా ఆపా!" అన్నాను.

"సెలవు కాగితం ఇంక పైకి పోలే. డ్రాయర్లనే ఉంది" అని దాన్ని తీసి నాలుగు ముక్కలు చేసింది. "మీ నాయన మంచంల ఉన్నడు. నాకు మా అక్క తప్ప ఎవరున్నరు? ఇంకోపాలి చదవకుండ నొక్కకు. అంతె."

వద్దని గట్టిగా అనలేకపోయాను. అనాలని కూడా పూర్తిగా అనిపించలేదు. ఆ నిజాన్ని ఇక్కడ దాచను.

కొన్నేళ్లకు పర్మనెంట్ చేసేవాళ్ల జాబితా వచ్చింది. సర్వీసు ప్రకారం వరుస పెడితే ఆపా పేరు మొదట ఉండాలి. ఫైల్లో రిమార్కు ఉన్న వాళ్లందరినీ వేరు చేసి అట్టడుగున పెట్టారు. ఆమె ఆ కాగితం మీద కూడా స్కేలు పెట్టి చదివింది. "వరుస మంచిగనే పెట్టిండ్రు" అని సోంపు డబ్బా మూత తీసింది. అప్పటికి నాకు ఖమ్మంలో మంచి ఉద్యోగం దొరికింది. నా గురించి అక్కడ చెప్పింది కూడా ఆమే. నిజం రాసిద్దామని చాలాసార్లు కూర్చున్నాను. రాస్తే ఆపా అబద్ధం రాసిందని తేలుతుంది, ఉన్న నౌకరీ కూడా పోతుంది. రాయకపోతే ఆ రిమార్కు అట్లాగే ఉంటుంది. ఎటూ కదలలేక ఊరుకున్నాను. ఆపా చివరిదాకా ఆ గదిలోనే, కాంట్రాక్టు మీదే పనిచేసింది.

నేను కొత్తగూడెం చేరేసరికి మగవాళ్లు ఆమెను ఖననానికి ఖబరస్తాన్‌కు తీసుకుపోయారు. ఇంట్లో ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. ఆపా వాళ్ల అక్క నన్ను గుర్తుపట్టి పక్కన చోటిచ్చింది. ఆగలేక, వాగు, జాబితా, చింపేసిన సెలవు కాగితం, అన్నీ ఆమెకు చెప్పేశాను.

"మాకెన్నడు చెప్పలే" అంది ఆమె.

క్షమించానని అనలేదు. తప్పు చేశావని కూడా అనలేదు. లేచి లోపలికి వెళ్లి, పక్కింటివాళ్లు వండి పంపిన అన్నం, పప్పు పళ్లెంలో పెట్టుకొచ్చి నా ముందుంచింది. "తిను. దూరం పోవాలె గదా" అంది. లేవడానికి లేదు, ఆమె గడపకు అడ్డంగా కూర్చుంది. నేను ఒక్కో మెతుకు మింగుతుంటే, తల మీది దుపట్టా కొసతో ఆమె నా పళ్లెం మీద ఈగలు తోలుతూ కూర్చుంది.