రాయదుర్గం బండ మీద కాకులు

దెయ్యాలూ ఆత్మలూ అని ఎవరైనా మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని లేచి వెళ్ళిపోయే రకం నేను. ఉద్యోగమంతా యంత్రాల మధ్య గడిచింది. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది, మనం వెతకలేదంతే అని వాదించి చాలామందిని విసిగించాను. కాబట్టి నన్ను నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

డెబ్బైల మొదట్లో మేం లింగంపల్లి దగ్గర కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మాది కాకినాడ వైపు. నాన్న లింగంపల్లి దగ్గరి ప్రభుత్వ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న రాయదుర్గం అప్పుడు బండరాళ్ళూ, సీతాఫలం చెట్లూ, మేకలూ.

నాకు ఇంజనీరింగ్‌లో రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి సిటీలోని యూనివర్సిటీలో, ఇంకోటి విశాఖపట్నంలో. సిటీలో అయితే ఇంటినుంచే రైల్లో వెళ్ళి రావచ్చు. కానీ అంతకుముందు జరిగిన ప్రత్యేక రాష్ట్రం గొడవల్లో ఇక్కడ కాలేజీలు మూతబడ్డాయి. మళ్ళీ అలాగే అయితే కోస్తా పిల్లాడి చదువు ఏం కావాలని అందరికీ బెంగ. విశాఖలో మా మేనమామ ఉన్నాడు, ఆ దిగులు లేదు. అయితే అమ్మానాన్నలకు నేనొక్కణ్ణే. నన్ను అంత దూరం పంపాలంటే అమ్మకు ప్రాణం ఒప్పలేదు.

నాకెటూ తేలలేదు. ఒక సాయంత్రం నాన్ననే చెప్పమన్నాను. "రేపు చెబుతాలేరా" అన్నారు. మర్నాడు పొద్దున డ్యూటీకి బూట్లు వేసుకుంటూ మంచం మీదే ఒరిగిపోయారు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

నేను ఏడవలేదు. మొద్దుబారిపోయాను. అన్నం పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. పరామర్శకు వచ్చినవాళ్ళు చివర్లో "మరి ఏ కాలేజీ అనుకుంటున్నావు?" అని అడిగేవారు. ఎవరి సంగతో అడుగుతున్నట్టు వినేవాణ్ణి. చేరాల్సిన గడువు మాత్రం దగ్గరపడుతోంది.

పెద్దకర్మ రోజు రాయదుర్గంలో చెరువు పక్కన బండ మీద పిండం పెట్టాం. నాన్నకు ఇష్టమని విస్తట్లో గారెలూ గుత్తివంకాయా వడ్డించారు. మామయ్య ఒక సిగరెట్ కూడా పెట్టాడు. ఎదుటి బండ మీద కాకులు బారుగా కూర్చున్నాయి. ఒక్కటీ కదల్లేదు.

కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయిందని మావాళ్ళ నమ్మకం. అదేమిటో ఊహించి, తీరుస్తామని పైకి మాట ఇస్తారు. నాన్న దేనికోసం ఆగారో అక్కడ అందరికీ తెలిసినట్టే ఉంది.

ముందు మామయ్య చేతులు జోడించాడు. "బావా, వాణ్ణి విశాఖ తీసుకెళ్తాను. నా పిల్లలతోపాటే చూసుకుంటాను." కాకులు రాలేదు.

తర్వాత అమ్మ వచ్చింది. "ఏవండీ, ఇక్కడే సిటీలో చేరుస్తానండి. వాణ్ణి ఎక్కడికీ పంపను." అప్పుడూ రాలేదు.

ఎండ ఎక్కింది. ఇక ఆవుకు పెట్టేద్దామన్నాడు పురోహితుడు. ఇంతమంది చుట్టూ నిలబడితే ఏ కాకి వస్తుందని నేను అనుకుంటున్నాను. మా ఇంటి యజమాని మల్లారెడ్డి నా భుజం మీద చెయ్యేశాడు.

"ఏంది పిలగా, గిట్ల నిలబడ్డవ్? నాయనకు జర నువ్వు గూడ ఏదన్న చెప్పు."

  విస్తరి వైపు చూస్తూ మనసులోనే అనుకున్నాను. రేపు చెబుతానన్నానే అని బెంగ పెట్టుకోకండి నాన్నా. మీరేం చెప్పక్కర్లేదు. ఎక్కడ చేరాలో నేనే చూసుకుంటాను.

ఒక కాకి లేచి వచ్చి విస్తరి అంచున వాలింది. మేమంతా పక్కనే ఉన్నా జంకలేదు. నింపాదిగా కాస్త పిండం తిని చెరువు మీదుగా వెళ్ళిపోయింది. మిగతావి అక్కడే కూర్చున్నాయి. మేం సామాన్లు సర్దుకుని బయల్దేరేదాకా వాటిలో ఒక్కటీ విస్తరి జోలికి రాలేదు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆలస్యమైనా తన మాటకే వచ్చారంది అమ్మ. కాదు, తన మాటకే అన్నాడు మామయ్య. నాకు మాత్రం నాన్న అప్పుడే పోయినట్టు అనిపించింది. ఆ బండ మీదే కూలబడి ఏడ్చాను.

అమ్మను ఒంటరిగా వదల్లేక సిటీలోనే చేరాను. చదువు బాగానే సాగింది, ఉద్యోగమూ దొరికింది. తప్పు చేశానని అనిపించలేదు, ఒప్పు చేశానన్న ధీమా కూడా ఎప్పుడూ రాలేదు.

కాకికి ఆకలేసి వచ్చిందనుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. మరి పక్కనున్న కాకులకు ఆకలి లేదా? పైకి అనని మాట ఆ ఒక్కదానికి ఎలా తెలిసింది? ఎన్నో రకాలుగా ఆలోచించాను, దొరకలేదు.

మామయ్య మాటకో అమ్మ మాటకో అది వాలి ఉంటే, నాన్నే తేల్చారనుకుని నిశ్చింతగా వెళ్ళి చేరేవాణ్ణి. ఆయన ఏ కాలేజీ పేరు చెప్పి ఉండేవారో నాకు ఇప్పటికీ తెలియదు.