తెర మీద కనిపించని బోరు

అనంతపురంలో మాకు కంప్యూటర్లో కోడ్ రాసి క్యాడ్ బొమ్మలు, అంటే కొలతల పటాలు, గీయడం నేర్పిన సారు ఎవరినీ తిట్టేవారు కాదు. తువ్వాలుతో కీబోర్డు మీది దుమ్ము దులుపుతూ ఒకే మాట అడిగేవారు. మా చేని పటంలో బోరుకు గుర్తుగా నేను రాసిన వృత్తం తెర మీద కనిపించలేదు. "గీసినావు సరే, యాడ పెట్టినావప్పా?" అన్నారు. వృత్తాన్ని తయారుచేసే కోడ్ రాశాను గానీ, దాన్ని పటంలో చేర్చే కోడ్ వరుస రాయలేదు. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

కోర్సు చివర్లో ఒకరోజు మాకు కోడ్ రాసి చూపిస్తుంటే ఆయన తెర కూడా ఖాళీగా మిగిలింది. కాచుకుని ఉన్న నేను లేచాను.

"గీసినారు సరే, యాడ పెట్టినారు సార్?"

ఆయన తాపీగా తువ్వాలు మడిచారు.

"నువ్వు పట్టుకుంటావో లేదో చూద్దామనే ఆ వరుస ఎగ్గొట్టినా. పాసైనావు, కూసో."

ఆయన మరిచిపోయారనే నేను ఇప్పటికీ వాదిస్తాను. నా పగను కూడా తన పాఠం కింద జమ కట్టేసుకున్నారు.