అంగుళం మందు

ఆ వీధిలో దర్జీని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. నడుము బిగువైందన్నా, చేతులు పొడుగయ్యాయన్నా "అంగుళమేగా, చిటికెలో సరిచేస్తా" అనేవాడు. అలా అంగుళం మావయ్య అయిపోయాడు. బడిపిల్లల చొక్కాలకు ఊడిన గుండీలు అడక్కుండానే కుట్టి పంపే మనిషి.

షుగరు బయటపడిన రోజున ఆయన దిగులంతా ఒకదాని గురించే. పని ముగిశాక గ్లాసులో కాస్త పోసుకునే అలవాటుంది. సిగ్గుపడుతూనే డాక్టరమ్మను అడిగాడు.

"సాయంత్రంపూట కొంచెం మందు వేసుకుంటానమ్మా. మానెయ్యాలా?"

బయట రోగులు బారులు తీరి ఉన్నారు. ఆమె తలెత్తకుండా మాత్రల చీటీ రాస్తూనే అంది: "అయ్యో, మందు మానితే ఎలాగండీ! ఒక్కపూట కూడా మానకూడదు."

దర్జీ గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు.

"అంత చదువుకున్నావిడ తాగమందా?" అంది భార్య.

"నీ మీద ఒట్టు. గుండెకు మంచిదేమోనే!"

ఆనాటి నుంచి నియమం తప్పలేదు. ఒంట్లో నలతగా ఉండి వద్దనిపించినా, డాక్టరమ్మ మాట తీసెయ్యకూడదని కళ్లు మూసుకుని మింగేవాడు.

తర్వాతి రక్తపరీక్షలో కొవ్వు ఆకాశాన్నంటింది. "ఇది ఇలాగే ఉంటే క్లోమగ్రంథి వాచిపోవచ్చు. ప్రాణం మీదికొస్తుంది" అంది డాక్టరమ్మ. పక్కన భార్య లోలోపలే దేవుణ్ణి తలుచుకుంది.

"నూనె తగ్గించారా?"

"తగ్గించామమ్మా."

"మందు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"మరచిపోతానా! రోజూ అంగుళం."

డాక్టరమ్మ కలం ఆగింది. "అంగుళమా? అంత పొడుగు మాత్ర నేను రాయలేదే!"

"మాత్ర కాదమ్మా, మందు. గ్లాసులో అంగుళం. చుట్టాలొస్తే ఒకటిన్నర అంగుళం."

"టేపు పెట్టి కొలుస్తాడమ్మా, అబద్ధమాడడు" అని భార్య సాక్ష్యం పలికింది.

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. వెంటనే నవ్వు ఆపుకుని చేతులు జోడించింది. "తప్పు నాదండీ. మీ మొహం చూసి వినాల్సింది. తాగుడు గుండెకు మంచిదని ఎవరెవరో అంటారు, మీ రక్తం మాత్రం ఒప్పుకోవడం లేదు. షుగరుకు తోడు అదీ చేరి కొవ్వును ఎగదోస్తోంది. మాత్ర మానకండి, సీసా మానండి."

సీసా ఉండే చోట భార్య గుండీల డబ్బా పెట్టింది. ఎదురు కొట్టు టీ ఆయనకు ఎవరు చెప్పారో గానీ, సరిగ్గా ఆ వేళకే చక్కెర లేని టీ తెచ్చి పక్కన కూర్చుని లోకాభిరామాయణం మొదలెట్టేవాడు. చెయ్యి గ్లాసు కోసం వెతుక్కునే ఘడియ అలా మాటల్లో దాటిపోయేది.

మళ్లీ పరీక్ష. డాక్టరమ్మ కాగితం విప్పింది.

"దిగిందండీ! బాగా దిగింది. గండం గడిచింది."

భార్య కొంగుతో కళ్లొత్తుకుంది. దర్జీ తల వంచి దణ్ణం పెడుతుంటే డాక్టరమ్మ తెల్లకోటు మీద వేలాడుతున్న గుండీ కంటపడింది. జేబులో సూది ఎప్పుడూ ఉండేదే.

"ఇలా ఇవ్వండమ్మా, బిగించేస్తా. అంగుళం దారం చాలు."

"మావయ్యగారూ, ఇంకేమన్నా అనండి, ఆ మాట మాత్రం అనకండి. గుండె జారిపోతోంది!" అంటూ ఆమె కోటు విప్పి ఇచ్చింది.