తలుపులో లేని ఉకారం

2022 మార్చిలో జర్మనీలో, బ్రౌన్‌ష్వైగ్‌లోని మా సంస్థ నన్ను ఒక కొత్త కారు పనికి ప్రధాన ట్యూనింగ్ ఇంజనీరుగా వేసింది. మాది విడిభాగాల సంస్థ. కారు ఎవరిదన్నది ఇక్కడ అవసరం లేదు. నిరుడు మా విభాగాన్ని మూసేసి, యాభై అయిదు దాటిన వాళ్లకు ముందస్తు పదవీ విరమణ ఇచ్చి పంపేదాకా నేను చేసింది ఆ ఉద్యోగమే.

ట్యూనింగ్ అంటే ఆగివున్న కారులో కూర్చుని పాటలు వినడం. స్పీకరు ప్రయోగశాలలో ఎంత బాగా పలికినా, కారు తలుపులో బిగించాక అద్దాలు, సీటు బట్ట, డ్రైవరు మోకాలు కలిసి దాని గొంతు మార్చేస్తాయి. ఏ స్థాయిని ఎంత తగ్గించాలి, ఏ స్పీకరును ఎంత ఆలస్యంగా మోగించాలి అన్నది నిర్ణయించేవాడు ట్యూనింగ్ ఇంజనీరు. కొలిచే మైకులుంటాయి, గ్రాఫులుంటాయి. కానీ చివరి మాట చెవిదే. నేను చేసే పని మొదటిసారి వివరించినప్పుడు మా ఆవిడ, "దీనికి జీతం కూడా ఇస్తారా?" అని అడిగింది. తర్వాత అడగడం మానేసింది. నమ్మి కాదు.

ప్రతి కారుకూ కొన్ని ప్రమాణ గీతాలు ఎంచుకుంటాం. వాటిలో కనీసం ఒకటి జపాన్ జాజ్ గాయని పాడిన బోసా నోవా అయి ఉండటం మా వృత్తిలో అలవాటు. బోసా నోవా బ్రెజిల్ సంగీతం. దాన్ని గొంతెత్తి పాడరు. పక్క గదిలో నిద్రపోతున్న పసిబిడ్డ లేవకుండా పాడినట్టు ఉంటుంది. జపాన్ గాయనులు దాన్ని ఇంకా తగ్గించి పాడతారు. కంపితం వేయరు, మైకుకు దగ్గరగా ఉంటారు, పక్కన నైలాన్ తీగల గిటారు ఒక్కటే. అక్కడి స్టూడియోలు పెదవి విడిన చప్పుడు కూడా వదలకుండా రికార్డు చేస్తాయి. ఇలాంటి పాటలో తప్పు దాక్కోవడానికి చోటుండదు. స్పీకరు ఏమాత్రం అబద్ధమాడినా బయటపడుతుంది. ఆ ఏడాది పాటను నేనే ఎంచాను. ఒసాకా గాయని, పోర్చుగీసు పాట. సముద్రం, వెలుగు, ఎవరో రాకపోవడం. బోసా నోవాలో సాధారణంగా ఇవే ఉంటాయి.

తలుపు పని నరేశ్‌ది. అసలు పేరు ఇది కాదు. కరీంనగర్ కుర్రవాడు. క్లాస్తాల్‌లో మాస్టర్స్ చేసి, బ్లూ కార్డు అనే ఉద్యోగ అనుమతి మీద జూన్‌లో మా దగ్గర చేరాడు. మొదటి ఆరు నెలలు ప్రొబెజైట్, అంటే పరీక్షా కాలం. ఆ లోపల కారణం చెప్పకుండానే తీసేయవచ్చు. అతని భార్య వీసా టెర్మిన్, అంటే కాన్సులేటు ఇచ్చిన తేదీ, డిసెంబరులో ఉంది. ఆ వీసాకు కావలసింది ఇక్కడ అతని ఉద్యోగం నిలబడటం.

సెప్టెంబరులో మా విభాగాధిపతి ఫ్రావ్ లోరెంజ్ మొదటిసారి కారులో కూర్చుని విన్నారు. ఆమె చదువుకునే రోజుల్లో ఒక ఏడాది లిస్బన్‌లో ఉన్నారు, పోర్చుగీసు వచ్చు. రెండు చరణాలు విని పాట ఆపారు. ఎడమ తలుపు మోగుతోందన్నారు. గాయని 'మార్' అని ఆపుతుంది, మార్ అంటే సముద్రం. ఆ తర్వాత తలుపులోంచి సన్నగా "ఉ" అని వస్తోంది. 'లూజ్' అంటే వెలుగు, దాని తర్వాతా అంతే. మా వృత్తి భాషలో దాన్ని నాఖ్‌క్లాంగ్ అంటారు. మోత ఆగాక మిగిలే మోత. తలుపు రేకు బిగువు చాలకపోతే వస్తుంది.

ఇలాంటప్పుడు మొదట చేయవలసింది, ఆ శబ్దం అసలు రికార్డులోనే ఉందేమో హెడ్‌ఫోన్లలో విని చూడటం. అది నా బాధ్యత. విన్నాను. వింతేమీ వినిపించలేదు. రికార్డులో లేదని చెప్పాను. ఇంతవరకు నేను చెప్పింది నిజం.

తర్వాత కారులో కూర్చుని విన్నాను. అక్కడా ఏమీ వినిపించలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ట్యూనింగ్ చేసేవాళ్లకు ఏటా చెవి పరీక్ష ఉంటుంది. అంతకు ముందు ఏడాది నా గ్రాఫు పై స్థాయుల దగ్గర కొంచెం వంగింది. వయసుకు తగ్గదేనని డాక్టరు అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. చెవి తగ్గిన ఇంజనీరును కొలతల బల్ల దగ్గరికి మారుస్తారు. అక్కడ పాటలుండవు. వినిపిస్తోందా అని ఫ్రావ్ లోరెంజ్ అడిగితే, వినిపిస్తోందన్నాను. ఎడమవైపు అని కూడా చేర్చాను. ఆమె అప్పటికే చెప్పారు కాబట్టి.

నరేశ్ తన కొలతలు తెచ్చి చూపించాడు. తలుపు శుభ్రంగా ఉంది. మోత ఆగిన చోట గీత కిందికి దిగిపోతోంది, ఎక్కడా తోక లేదు. కారులో నా పక్క సీట్లో కూర్చుని నాలుగైదు సార్లు విన్నాడు.

"తలుపు లూజున్నదని గామెనే పాడుతున్నదన్నా. ఇంక మన రిపోర్టెందుకు?" అన్నాడు.

ఇద్దరం నవ్వాం. మరోసారి పెట్టించుకుని, ఆ 'లూజు' దగ్గర మళ్లీ నవ్వాం.

తర్వాత అతను నవ్వు ఆపి అడిగాడు. "అన్నా, మీకు నిజంగ ఇనవడ్తున్నదా?"

"వినపడుతోంది. మాట ఆగిన తర్వాత చూడు. కళ్లు మూసుకుని విను."

కళ్లు మూసుకున్నాడు. పాట అయ్యేదాకా కదల్లేదు. "ఆఁ, ఇనవడ్డదన్నా," అన్నాడు.

నాకు ధైర్యం వచ్చింది. కుర్ర చెవికి వినిపించిందంటే శబ్దం ఉన్నట్టే, నాకే అందలేదు అనుకున్నాను.

నరేశ్ తలుపు లోపల శబ్దాన్ని అణిచే తారు పలక అతికించాడు. ఫ్రావ్ లోరెంజ్ విన్నారు. ఉంది అన్నారు. పలక మందం పెంచాడు. ఉంది. స్పీకరు చుట్టూ రేకును మడిచి బిగువు పెంచాడు. దాంతో తలుపు బరువెక్కింది, కార్ల సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది, శబ్దం మాత్రం అలాగే ఉంది. ప్రతిసారీ నన్నూ అడిగారు. ప్రతిసారీ, కొంచెం తగ్గిందన్నాను. నవంబరు చివర నరేశ్ చేతికి తొలగింపు కాగితం ఇచ్చారు.

ఆ వారాంతంలోనే ఆ ఒసాకా గాయని కచేరీ బ్రెమెన్‌లో ఉంది. టికెట్లు ముందే కొన్నాను. మా ఆవిడ రానంది. బట్టల షాపింగ్ కూడా ఉండాలన్న షరతు మీద మా అమ్మాయి మేఘన వచ్చింది. పదహారేళ్లది, ఇక్కడే పుట్టింది. చిన్న హాలు. వేదిక మీద ఒక కుర్చీ, గిటారు వాయించే ఆయన, ఆమె. నా పాట మూడోదో నాలుగోదో. పాట సగంలో ఉండగా మేఘన నా చెవి దగ్గరికి వంగి, "నాన్నా, ది జింగ్ట్ గెనౌ వీ దూ," అంది. అచ్చం నీలాగే పాడుతోంది అని.

నేను పాడనని గుసగుసగా చెప్పాను.

"పాడటం కాదు. మారు, లూజు! నువ్వు బస్సు, టికెట్టు అనవా? దా ఇస్ట్ కైన్ ఊ, నాన్నా. అక్కడ 'ఉ' లేదు."

ముందు వరుసలో ఎవరో వెనక్కి తిరిగి చూశారు. మేఘన సర్దుకుని కూర్చుంది. ఆ హాల్లో కారు తలుపు లేదు.

జపాను వాళ్లు కూడా మనలాగే పరాయి మాటను హల్లు మీద ఆపలేరు. చివర ఒక అచ్చు చేరుస్తారు. ఆ గాయని పోర్చుగీసు ఎంత సాధన చేసినా, హల్లుతో ఆగే మాటల చివర ఆ ఉకారం సన్నగా మిగిలింది. లిస్బన్‌లో చదివిన ఫ్రావ్ లోరెంజ్‌కు అది తలుపు మోతలా వినిపించింది. కారు, బస్సు అంటూ పెరిగిన నాకు అది మాటలో భాగంగా వినిపించింది. మాట సరిగ్గా ముగిస్తే చెవి దానిని పట్టించుకోదు. లూజు అని నవ్వుకున్న రోజున కూడా మా ఇద్దరికీ అది తట్టలేదు.

సోమవారం పొద్దున్నే ఫ్రావ్ లోరెంజ్‌కు హెడ్‌ఫోన్లు ఇచ్చి చెప్పాను. ఆమె చాలాసేపు విన్నారు. "స్టిమ్ట్," అన్నారు. నిజమే అని. తర్వాత, హెడ్‌ఫోన్లలో లేదని మీరే అన్నారు కదా, కారులో ఉందని ఎలా అన్నారు అని అడిగారు. హెడ్‌ఫోన్లలో జారిపోయి ఉంటుందన్నాను. ఈ వయసులో అది సహజమేనని ఆమె మర్యాదగా అన్నారు. చెవి ముసలిదైందని ఎవరూ అనకూడదని ఆడిన అబద్ధాన్ని కాపాడటానికి, చెవి ముసలిదైందని నేనే ఒప్పుకున్నాను.

నరేశ్ సంగతి అడిగాను. ఆ ఖాళీని అప్పటికే రద్దు చేశామన్నారు. అతని భార్య టెర్మిన్ పోయింది. మరుసటి వేసవిలో అతనికి బ్రెమెన్‌లో, విమానాల లోపలి శబ్దం తగ్గించే పని దొరికింది. ఆమె శీతాకాలానికి గాని రాలేకపోయింది.

బ్రౌన్‌ష్వైగ్ తెలుగువాళ్లలో రెండు కథలున్నాయి. తలుపు బాగుచేయలేక నరేశ్ ఉద్యోగం పోగొట్టుకున్నాడన్నది ఒకటి. అతని కోసం నేను విభాగాధిపతితో పోట్లాడానన్నది రెండోది. ఇది నరేశ్ చెప్పుకున్నది. ఆ సోమవారం నేను ఫోన్లో అతనికి సగమే చెప్పాను. శబ్దం రికార్డులో ఉందని చెప్పాను. అతను నాకు కృతజ్ఞతలు చెప్పాడు, నేను తీసుకున్నాను. రెండు కథలూ తప్పే. తలుపులో లోపం లేదు. నేను పోట్లాడలేదు.

పోయిన నెల బ్రెమెన్ వెళ్లి మిగతా సగం చెప్పాను. వాళ్లావిడ టీ పెట్టి లోపలికి వెళ్లింది. నరేశ్ కాసేపు కప్పు చుట్టూ వేలు తిప్పాడు.

"అంటే ఆ దినం మీకు ఇనవడనే లేదా?"

"లేదు."

"నాకు సుత ఇనవడలే అన్నా. మీరు ఇనవడ్తున్నదంటిరి గద. మీ చెవి ముందు నా చెవెంత అనుకున్న. అందుకే ఇనవడ్డదన్న."

దీన్ని రాయాలనుకుంటున్నానని చెప్పాను. ఇదంతా రాసుకోండి, పేరు మాత్రం మార్చండి అన్నాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. వినిపించలేదన్నది కూడా ఒక ఫలితమే. దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒక జర్మన్‌కు వినిపించి, ఇద్దరు తెలుగువాళ్లకు వినిపించని శబ్దం ఏమై ఉంటుందని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే, మధ్యాహ్న భోజనం లోపల తేలిపోయేది. అలా అడగడానికి కావలసిన సమాచారం ఆ కారులో మా ఇద్దరి దగ్గరే ఉంది.