ఎడమచేతి సహీ

మా పెద్దబాపు, అంటే మా బాపు అన్న, పోయిన సంగతి నాకు బడిలో, ఏడో తరగతికి లెక్కలు చెబుతుండగా తెలిసింది. ఫోన్ చేసింది మా బాపు. "పెద్దబాపు పోయిండు బిడ్డా," అన్నాడు. ఎట్లా అని అడిగితే, "కొట్లాడుకుంట పోయిండు," అన్నాడు. ఏడుపుకంటే ముందు నాకు, ఇంకెట్లా పోతాడులే అనిపించింది.

ముద్ఖేడ్ బస్టాండ్ దగ్గర ఒక ఆటో వెనక్కి వస్తూ మా పాత పికప్ బండికి గీత పెట్టింది. పెద్దబాపు దిగి ఆ ఆటో అతని కాలర్ పట్టుకుని చెంప మీద ఒక్కటి పీకాడు. రెండో దెబ్బకు చెయ్యెత్తి, ఎందుకో దించేసి, వెళ్ళి పికప్ మెట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. దెబ్బ తిన్న ఆ మనిషే ఆయన్ని ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు. మర్నాడు మా ఇంటి ముందు అందరికంటే వెనక నిలబడి ఏడ్చింది కూడా అతనే.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ముందు మంచి గుణాలు చెప్పడం ఆనవాయితీ. మా పెద్దబాపు నెమ్మదస్తుడని నేను రాస్తే నాందేడ్‌లో సగంమంది నవ్వుతారు. ఆయన కొట్టేవాడు. లెక్క తప్పితే నన్ను మొట్టేవాడు, అన్నం మెత్తనైతే కంచాన్ని గోడకేసి కొట్టేవాడు, వ్యాగన్ల షెడ్డులో పై అధికారి మీదికి పానా విసిరి రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. పెద్దమ్మ నేను పుట్టకముందే పోయింది, పిల్లలు లేరు. అందుకని ఆయన కోపమంతా మా ఇంటిమీదే పడేది. నాది అచ్చం ఆయన కోపమేనని మా అమ్మ అంటుంది. నా క్లాసు పిల్లలను అడిగినా అదే చెబుతారు.

ఆయన రైల్వేలో ఫిట్టరు. ఆగిన బండి పొడుగునా నడుస్తూ ఒక్కో చక్రాన్నీ పొడుగుకర్ర సుత్తితో కొట్టి చెవి పెట్టడం ఆయన పని. గట్టి చక్రం ఖంగుమంటుంది. పగులున్నది దబ్బుమంటుంది. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. కొత్త బిందె తెస్తే కొట్టి చూసేవాడు. మా పికప్ బయల్దేరే ముందు చుట్టూ తిరిగి నాలుగు చక్రాల మీదా నాలుగు దెబ్బలు వేస్తే తప్ప ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు. టైరు వేసిన చక్రం రైలు చక్రంలా మోగుతుందా అని మెకానిక్‌లు నవ్వేవాళ్ళు. "మీకు ఇనరాదు. నాకు ఇనస్తది. ఇనుము అబద్ధమాడదు, మనిషే ఆడుతడు," అనేవాడు.

ఆ పికప్ మా బాపు పేరు మీద ఉండేది. ముద్ఖేడ్ దగ్గర మా అరటి తోటకు దాన్ని కొన్నారు. బాపుకు నాందేడ్‌లో బట్టల దుకాణం. పొద్దున తోటకు పోయి గెలలు మార్కెట్‌లో దించి, తర్వాత దుకాణం తెరిచేవాడు. తోట చూసుకునేది, బండి చూసుకునేది మాత్రం పెద్దబాపు. తోటలో ఆయన పెంచిన ఎడ్ల జత ఉండేది. మనుషులకు దక్కని ముద్దులన్నీ వాటికే దక్కేవి.

పదకొండేళ్ళ కిందట ఒక పొద్దున బాపు అరటి గెలలు నింపుకుని కాలువ గట్టు దిగుతుంటే బ్రేకు పడలేదు. బండి నేరుగా పోయి, గట్టు కింద నీళ్ళు తాగుతున్న ఎద్దును గుద్దింది. సెలవు రోజని నేనూ అమ్మా తోటలోనే ఉన్నాం. డ్యూటీ దిగి వచ్చిన పెద్దబాపు ముందు ఎద్దు దగ్గరికి వెళ్ళాడు. దాని మెడ కింద చెయ్యి పెట్టి చూశాడు. లేచి బండిలోంచి జాకీ రాడ్ తీశాడు.

మొదటి దెబ్బకు బాపు చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. రెండో దెబ్బ కూడా ఆ మోచేతి మీదే పడింది. అమ్మ మధ్యలోకి వస్తే పక్కకు నెట్టేశాడు. నేను ఎగిరి ఆయన ముంజేతిని పట్టుకుని కొరికాను, నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చేదాకా కొరికాను. అప్పుడు బాపును వదిలి బండి మీద పడ్డాడు. అద్దాలు, లైట్లు, బానెట్, తలుపులు, ఒక్కటీ మిగల్చలేదు. చేతులు ఆడక ఆయనే ఆగాడు. గెలలు గట్టంతా చెల్లాచెదురై ఉన్నాయి.

బాపు మోచెయ్యి సగం వంగి అలాగే బిగిసిపోయింది. గుడ్డను కొలిచి, పళ్ళతో అంచు కొరికి, రెండు చేతులా సర్రుమని చింపే మనిషి, గల్లాపెట్టె దగ్గర ఊరికే కూర్చోవలసి వచ్చింది. ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం, ఎడమచేత్తో సంతకం, మా మాటలో సహీ, పెట్టడం నేర్చుకున్నాడు. పెద్దబాపు తన ట్రంకుపెట్టె తీసుకుని తోటలో రేకుల గదికి వెళ్ళిపోయాడు. అన్నదమ్ముల మధ్య తొమ్మిదేళ్ళు మాట లేదు. బండి అక్కడే, రేకుల పక్కన, టైర్లు మట్టిలో దిగి ఉండిపోయింది.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మా బడి గేటు దగ్గర పెద్దబాపు నిలబడి ఉన్నాడు. అప్పటికే ఒకసారి గుండె నొప్పి వచ్చి ఆస్పత్రిలో పడుకుని లేచాడని విన్నాను. చూడడానికి నేను వెళ్ళలేదు.

"బండి బాగుచేస్తున్న బిడ్డా. పట్టేటోళ్ళు లేరు. ఐతారం ఐతారం అస్తవా?"

"ముందు మా బాపు చెయ్యి బాగుచెయ్యి."

"అది నాతోని గాదు. బండే అయితది."

"నడిపి ఎవరిని కొడ్తవ్ ఇగ?"

ఆ మాటకు ఆయనకు కోపం రావాలి. రాలేదు. "మీ బాపు దాంట్ల నా పక్కపొంటి ఒక్కపారి కూసోవాలె. అంతకుమించి నాకు ఏం లేదు," అన్నాడు.

ఆదివారం ఆదివారం నేను వెళ్ళాను. జాలితో వెళ్ళానని అబద్ధం రాయను. ఆ బండిని బాగుచేయడానికి ఆయన ఎంత చెమటోడుస్తాడో కళ్ళారా చూడాలని వెళ్ళాను.

చూశాను. వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి. సీటు కింద పాము కుబుసం. ఇంజను బిగుసుకుపోతే లోపల డీజిలు పోసి వారాల తరబడి నానబెట్టాడు. తుప్పు పట్టిన బోల్టులను మంటతో కాల్చి, సుత్తితో బాది, బూతులు తిట్టి ఊడదీశాడు. బండి బరువు మోసే కమాన్‌పట్టీలు తుక్కు బజారులో ఏరి, ఒక్కోదాన్నీ మోగించి చూసి కొన్నాడు. ఆ బజారులో ఆయన ఒక వ్యాపారి గొంతు పట్టుకుంటే నేనే విడిపించాను.

సొట్టలు తీసేటప్పుడు ఇనుప దిమ్మ నాకిచ్చి బయట అదిమి పట్టుకొమ్మనేవాడు. తను లోపలి నుంచి కొట్టేవాడు. ఒక్కో దెబ్బకూ నా భుజం దాకా అదిరేది. ఒక్కో సొట్ట దగ్గరా ఆగి గుర్తు చేసుకునేవాడు. "ఇది మొదాలు కొట్టింది. ఇది మీ అమ్మను నూకినంక కొట్టింది. ఇది నువ్వు కొరికినంక." ముంజేతి మీద నా పళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి. నెలలు గడిచేకొద్దీ ఆయన మీద నా కోపం తగ్గింది. తగ్గుతోందని నా మీద నాకే కోపం వచ్చింది.

ఇంజను పలికిన రోజు అసలు చిక్కు బయటపడింది. బండి రోడ్డెక్కాలంటే ఆర్టీఓలో పాసింగ్, అంటే బండి నడవడానికి పనికొస్తుందన్న ముద్ర, కావాలి. పాసింగ్‌కు బండి యజమాని సహీ కావాలి. యజమాని మా బాపు. నేను ఇంట్లో చెబితే బాపు రెండు వారాలు ఏమీ అనలేదు. మూడో ఆదివారం చెప్పులేసుకుని, "నడువు, సూసి చెప్త," అన్నాడు.

మేము వెళ్ళేసరికి పెద్దబాపు వెనక ఎడమ చక్రం ఊడదీసి కూర్చున్నాడు. తలెత్తి తమ్ముణ్ణి చూశాడు. రమ్మనలేదు, కూర్చోమనలేదు. సుత్తి తీసుకుని, బయటపడ్డ బ్రేకు డ్రమ్మును కొట్టాడు. దబ్బుమంది. మళ్ళీ కొట్టాడు.

"ఇన్నవా?"

బాపు వంగి డ్రమ్ము వైపు చూశాడు.

"నువ్వు గెలలు తోలుకపోయిన ముంగటి రోజు పంచర్ దీసిన. గప్పుడు గూడ గిట్లనే మోగింది. నేనిన్న."

"ఇని?"

"చక్రం మల్ల ఎక్కించిన."

"ఎందుకు చెప్పలే?"

"తోటకు నీళ్ళు పెట్టే కాడ పంచాది అయ్యి రెండ్రోజులసంది నీతోని మాట బందుండె. పొద్దుగాల నువ్వే వచ్చి బండి మంచిగున్నదా అని అడుగుతవ్, అప్పుడు చెప్దమనుకున్న. నన్ను రాత్రి డ్యూటీకి పిలిశిన్రు, నేను వచ్చేలోపు నువ్వు అడగకుంటనే తోలుకపోయినవ్."

జీవితమంతా చక్రాలకు చెవి పెట్టిన మనిషి, విన్నది పంతానికి మింగేశాడు. ఎద్దును చంపింది ఆ పంతం. చెయ్యి విరిగింది మా బాపుది.

బాపు కొట్టాడు. ఎడమచేత్తో, పిడికిలి బిగించి, అన్న ముఖం మీద. పెద్దబాపు వెనక్కి పోయి డ్రమ్ముకు తగిలాడు. లేచి నిలబడ్డాడు. బాపు మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. నేను ఆపలేదు. ఎందుకు ఆపాలి? పెద్దబాపు చేతులు కిందికే ఉన్నాయి. ఆ చేతులు కిందికి ఉండగా నేను చూడటం అదే మొదటిసారి. మూతి పగిలి గడ్డం మీదికి రక్తం కారుతుంటే తుడుచుకోకుండా, "ఎడమ చెయ్యి గూడ మంచిగనే నేర్చినవురా," అన్నాడు. బాపు అక్కడే మట్టిలో కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

డ్రమ్ము మార్చారు. ఆర్టీఓకు బండిని పెద్దబాపు నడుపుకుంటూ వచ్చాడు. బాపూ నేనూ సిటీ బస్సులో వెళ్ళాం. కిటికీ దగ్గర క్లర్కు పాత కాగితం మీది సహీనీ, బాపు ఎడమచేత్తో అప్పుడే పెట్టిన సహీనీ పక్కపక్కన పెట్టి చూశాడు. "సహీ జుళత్ నాహీ," రెండూ కలవడం లేదు, అఫిడవిట్ తెమ్మన్నాడు. బయట గొడుగు కింద కూర్చున్న టైపిస్టు మామూలుగా రాసే మాటే, ప్రమాదమనే రాశాడు: అపఘాతంలో కుడిచెయ్యి పోయినందున ఎడమచేత్తో సంతకం చేస్తున్నాను.

పెద్దబాపు నన్ను చదివి వినిపించమన్నాడు. విని, కాగితం లాక్కుని రెండు ముక్కలు చేశాడు.

"అపఘాత్ నాహీ. త్యాచా హాత్ మీచ్ మోడ్లా. తసంచ్ లిహా."

వాడి చెయ్యి నేనే విరగ్గొట్టిన, అట్లనే రాయి అంటే టైపిస్టు ఏం రాస్తాడు? "కాకా, అసం కోణీ లిహితం కా?" ఎవరైనా ఇట్లా రాయించుకుంటారా అని నవ్వబోయాడు. పెద్దబాపు బల్ల మీద గుద్దితే టైపు మిషను ఎగిరిపడింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా మూగారు.

"పోనియ్ అన్నా. అపఘాతమనే ఉండనియ్," అన్నాడు బాపు.

తొమ్మిదేళ్ళ తర్వాత నోటి నుంచి వచ్చిన "అన్నా" అది. పెద్దబాపు బల్ల మీది చెయ్యి తీశాడు. "లేదురా. కాయితం మీద గూడ అబద్ధమెందుకు," అన్నాడు, చిన్నగా. ఆ గొంతు నేను అంతకుముందు విననే లేదు.

మా అన్న కొట్టినందున నా కుడిచెయ్యి విరిగింది అని, మరాఠీలో, స్టాంపు కాగితం మీద పడింది. కింద బాపు ఎడమచేత్తో సహీ పెట్టాడు. పక్కన సాక్షి సహీ పెద్దబాపుది. లోపల క్లర్కు చదివి, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి ముద్ర కొట్టాడు. తర్వాత బ్రేకు పరీక్షలో పెద్దబాపు బ్రేకును ఎంత బలంగా తొక్కాడంటే, పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టరు నుదురు వెళ్ళి ముందు అద్దానికి కొట్టుకుంది. బండి పాసయింది.

తిరిగి వెళ్ళేటప్పుడు బాపు బస్సు కోసం చూడలేదు. పికప్ తలుపు తీసి ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక ట్రాలీలో నిలబడి, గోదావరి వంతెన దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత ఆయన మారిపోయాడని రాయాలని ఉంది. మారలేదు. పోయిన రోజు కూడా కొట్టాడు కదా. కానీ రెండో దెబ్బకు చెయ్యెత్తినప్పుడు, పికప్‌లో ముందు సీట్లో ఉన్న బాపు కిటికీలోంచి "అన్నా, సాలు," అన్నాడట. ఎత్తిన చెయ్యి ఆ మాటకే దిగింది. ఆయన చేసిన చివరి పని అది. నాకు ఆయన మీద గౌరవం ఉందా అని ఎవరైనా అడిగితే, ఆ దిగిన చెయ్యినే చూపిస్తాను. క్లాసులో నా చెయ్యి లేచినప్పుడు ఇప్పుడు అదే గుర్తొస్తోంది.

గోదావరి ఘాట్‌కు ఆయన్ని ఆ పికప్‌లోనే తీసుకువెళ్ళాం. పడుకోబెట్టి, పూలు వేసి, డ్రైవరు ఇంజను వేశాక బాపు ఆగమన్నాడు. సీటు కింద నుంచి పొడుగుకర్ర సుత్తి తీశాడు. ఎడమచేత్తో ముందు చక్రాన్ని కొట్టి, వంగి చెవి పెట్టాడు. మోగింది. రెండోది మోగింది. మూడోది మోగింది. నాలుగోది వెనక ఎడమ చక్రం. అదీ మోగింది, కొత్త డ్రమ్ము కదా, ఖంగుమని మోగింది. బాపు ఆగలేదు. మళ్ళీ కొట్టాడు. జనం చూస్తున్నారు, పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చక్రం మోగుతూనే ఉంది, బాపు పళ్ళు బిగించి కొడుతూనే ఉన్నాడు, ఒక్కో దెబ్బకూ ట్రాలీలో పెద్దబాపు మీది బంతిపూలు అదిరి అదిరి జారుతున్నాయి.