జేజికి చెప్పొద్దు

నా చిన్నప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, మా జేజి మధ్యాహ్నం కునుకు తీసి లేవగానే పిల్లలందర్నీ వసారాలో నిలబెట్టి ఒక్కొక్కరి ముంజేతి మీద గోటితో గీత గీసేది. జేజి అంటే మా నాయన వాళ్లమ్మ. గీత తెల్లగా తేలిందంటే ఆ చెయ్యి బావి నీళ్లలో చాలాసేపు నానినట్టు. పెళ్లయ్యాక నాకెప్పుడూ గుర్తురాని ఆ గీత నిన్న మధ్యాహ్నం నా వంటింట్లోనే కనబడింది. మా పెద్దవాడు మంచినీళ్ల కోసం వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంతసేపూ పక్కింట్లో క్యారమ్స్ ఆడుతున్నానన్నాడు. గ్లాసు అందిస్తూ, ఎందుకు చేశానో నాకే తెలియదు, వాడి చెయ్యి పట్టుకుని గోటితో గీశాను. సుద్దముక్కతో గీసినట్టు తెల్లగా పడింది.

"ఏందమ్మా?" అన్నాడు. "ఏం లేదులే, పో" అన్నాను. వాడు వెళ్లాక అక్కడే పీట మీద కూర్చున్నాను. నంద్యాల చుట్టూ తోటల్లో ఎన్ని బావులున్నాయో నాకు తెలుసు. నా కొడుక్కి ఈత వచ్చో రాదో మాత్రం తెలియదు.

వాడికి పదమూడేళ్లు. ఈ సెలవుల్లో వాణ్ణి ఇంట్లో నిలబెట్టడానికి నేను పడని పాట్లు లేవు. చర్చిలో పిల్లలకు పెట్టే వేసవి బైబిలు బడికి పంపితే, చేతులు తిప్పుతూ పాడే పాటలు చిన్నపిల్లలకు గానీ నాకెందుకని రెండో రోజే మానేశాడు. హిందీ ట్యూషన్ పెట్టించాను. చెల్లెలికి లెక్కలు చెప్పమంటే ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. పనికి పంపేంత పెద్దవాడు కాదు, బొమ్మల ముందు కూర్చోబెట్టేంత చిన్నవాడూ కాదు. మధ్యాహ్నం మేము తలుపులు దగ్గరికి వేసుకుని పడుకుంటే, ఆ రెండు మూడు గంటలు వాడు ఏం చేస్తున్నాడో ఇన్నాళ్లూ నేను అడగలేదు.

మొదట తాళం గుర్తొచ్చింది. రేపటి నుంచి బయటి తలుపుకు తాళం వేసి చెవి కొంగున కట్టుకోవాలనుకున్నాను. లేచి తాళంకప్ప వెతుకుతుంటే మా జేజి గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. పిల్లలతో ఈ పొద్దున మాట్లాడాను. ఈ మధ్యాహ్నం వాళ్లు పడుకున్నాక, మరచిపోకముందే ఇదంతా రాసి పెట్టుకోవాలనిపించింది.

జేజి ఊరు శిరివెళ్ల దాటాక, ఆళ్లగడ్డ పోయే దారిలో. బడి మూసిన మర్నాడే నన్ను అక్కడ దింపేవాళ్లు. మా పెద్దనాయన కొడుకు అక్కడే పెరిగేవాడు. నాకంటే మూడేళ్లు పెద్ద, మాకందరికీ నాయకుడు. వాణ్ణి అన్నా అనేదాన్ని. మా తర్వాత ఇంకా చిన్నపిల్లలుండేవాళ్లు. నేను చెప్పే ఏడాదికి ముందటి ఎండాకాలం ఊరిబయటి బావిలో ఒక పిల్లవాడు పోయాడు. అప్పటి నుంచి జేజికి మధ్యాహ్నం అంటే భయం.

ఆమె మాకొక పని పెట్టింది. తొలకరికి చేలో వెయ్యాల్సిన విత్తనం బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, ఎండాకాలంలోనే ఒలిచి పెట్టుకోవాలి. మిషన్లో వేస్తే గింజ మీది ఎర్రపొర లేచిపోతుంది, అది మొలవదు. అందుకని విత్తనం వరకు చేత్తోనే ఒలిచేవాళ్లు. తలా ఒక చాట ఇచ్చి వసారాలో కూర్చోబెట్టేది. ఆ గింజలు ఇంటికి ఎంత ముఖ్యమో మాకు పట్టలేదు. మమ్మల్ని నీడపట్టున కట్టెయ్యడానికే ఈ పని పెట్టిందని మాత్రం మా అన్న మొదటి రోజే కనిపెట్టాడు. ఆమె తల గోడకానగానే మేము చాటలు దించి, చప్పుడు కాకుండా గడప దాటేవాళ్లం.

గీత సంగతి తెలిశాక అన్న ఆముదం కనిపెట్టాడు. బావి నుంచి రాగానే గూట్లో ఉన్న ఆముదం చేతులకు పూసుకుంటే గీత పడదు. కొన్నాళ్లకు జేజి చేతులు వాసన చూడటం మొదలుపెట్టింది. అప్పుడు దారిలో దుమ్ము పూసుకోవడం నేర్చుకున్నాం. ఆమె ఒక ఉపాయం పన్నితే మేము రెండు పన్నేవాళ్లం. దొరికిన రోజు మాత్రం చింతబరికె విరిగేదాకా కొట్టేది.

దెబ్బల కన్నా ఆమె ప్రార్థనకు ఎక్కువ హడలిపోయేవాళ్లం. చీకటి పడ్డాక అన్నానికి ముందు అందరం చాప మీద మోకరించాలి. జేజి కళ్లు మూసుకుని, ఊరి కోసం, వాన కోసం, పశువుల కోసం అడిగాక, మా మీదికి వచ్చేది. "వీడు ఈపొద్దు గూడా అబద్ధం చెప్పినాడు తండ్రీ. వీని బుద్ధి నువ్వే మార్చాల, నా చేత గాదు" అని పేరు పేరునా అప్పజెప్పేది. అన్న నా చెవిలో, "దేవుని కాడ గూడా చాడీలే!" అనేవాడు. నవ్వు ఆపుకోలేక నేను చాప అంచు కొరికేదాన్ని.

ఒకరోజు చిన్నపిల్లలు ఇంకెటో ఆడుకోబోయారు, అన్న ఒక్కడే బావిలో దూకాడు. నాకు ఈత రాదు, ఒడ్డున బట్టలకు కాపలా. ఎండాకాలం నీళ్లు అడుక్కు పోయి, చివరి మెట్టుకు కూడా మనిషి ఎత్తు కిందుండేవి. వాడు రోజూ నీళ్లు తోడే ఇంజను పైపు పట్టుకుని ఆ మెట్టు మీదికి పాకేవాడు. ఇంజను బాగుచేయించడానికి ఆ పొద్దున పైపు విప్పి పట్టుకుపోయారు. వాడు అది చూడకుండానే దూకాడు.

కాసేపు గోడ చుట్టూ తడిమాడు. పాచి పట్టిన రాళ్లు, చెయ్యి జారిపోతోంది. రాళ్ల సందులో వేళ్లు దూర్చి వేలాడాడు. తల మునిగి మళ్లీ తేలింది. నాకు ఏడుపొచ్చింది. "అన్నా, జేజిని పిలుచుకోనొస్తా!" అని అరిచాను. లోపలి నుంచి, నీళ్లు మింగుతూనే వాడు అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"వద్దు పాపా! జేజికి చెప్పొద్దు! నేనే ఎక్కుతా... చెప్పొద్దు!"

అప్పటికే జేజి నా వెనక నిలబడి ఉంది. నిద్ర లేచి, ఖాళీ వసారా చూసి, చెప్పులు కూడా లేకుండా ఆ ఎండలో వచ్చింది. వాడి మాట ఆమె విన్నది.

పరాయి మగవాళ్ల ముందు కొంగు నెత్తి మీంచి జారనివ్వని మనిషి. నిలబడ్డ చోటే చీర విప్పి, ఒక కొస ఇంజను గది రాతిస్తంభానికి కట్టి, రెండోది బావిలోకి వదిలింది. "పట్టుకో నాయనా, పట్టుకో, నేనుండా" అంటూనే ఉంది. వాడు పట్టుకున్నాడు గానీ పైకి లాగే బలం ఆమెకు లేదు. నా వైపు తిరిగి, పక్క చేలోని మనిషిని పిలుచుకు రమ్మని తరిమింది. ఆయన మాకు చుట్టమేమీ కాదు, అందరం చిన్నాయనా అని పిలిచేవాళ్లం. ఎద్దుల మోకు భుజాన వేసుకుని పరుగున వచ్చి, మెట్లు దిగి వాణ్ణి పైకి లాగాడు.

ఒడ్డున పడేసరికి వాడి మోకాళ్లు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. తాగిన నీళ్లింకా కక్కలేదు, ఊపిరింకా తీసుకోలేదు. జేజిని చూడగానే వాడు చేసిన మొదటి పని, రెండు చేతులూ వీపు వెనక దాచుకోవడం.

జేజి ఆ చేతుల వైపు చాలాసేపు చూసింది. కొట్టలేదు. తిట్టలేదు. తడిచీర చుట్టుకుని వాడి భుజం పట్టుకుని ఇంటికి నడిచింది.

చీకటి పడింది. చాప పరిచింది. ఇక ఈ రాత్రి దేవుని ముందు మా పని అయిపోయిందనుకున్నాం. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఊరి కోసం అడగలేదు, వాన కోసం అడగలేదు.

"తండ్రీ, పిల్లోడు నీళ్లల్లో పోతా గూడా జేజికి చెప్పొద్దన్నాడు. సావు కన్నా నేనంటేనే వానికి భయం. వాని తప్పేం ల్యాదు. నేనే వాన్ని అట్ల చేసినా. నన్ను మన్నించు. నాకు బుద్ధి చెప్పు."

అక్కడ ఆగిపోయింది. ఆమె ఆమెన్ అంటుందని మేమంతా ఎదురుచూశాం. అనలేదు. కళ్లు తెరిస్తే, చాప మీద ముఖం ఆనించి ఉంది. చివరికి అన్నే ఆమెన్ అన్నాడు.

మర్నాడు ఎండ వాలగానే జేజి బుడ్డల మూట నెత్తిన పెట్టుకుని, చాట చంకన పెట్టుకుని, "లెయ్యండి, బావి కాడికి పోదాం" అంది. మాకు నమ్మకం కుదరలేదు. వెనకాలే నడిచాం. చిన్నాయనను అప్పటికే అడిగి పెట్టింది. ఆయన మా నడుములకు నీళ్లలో తేలే ఎండు బెండ్లు కట్టి ఒక్కొక్కర్నీ నీళ్లలోకి దించాడు. "వీడు మునగడంలో మొనగాడు, వీనికి బెండ్లు చాలవు, ఎనుమునే కట్టాల" అని అన్నను ఏడిపించేవాడు. నేను చివరి మెట్టు మీద వణుకుతూ నిలబడితే పైనుంచి జేజి, "సంగటి దగ్గర ముందుంటావ్, ఈడ ఎనకెనకకు పోతాండావేందే?" అనేది.

ఆమెకు ఈత రాదు. నీళ్లంటే భయం పోలేదు కూడా. ఒడ్డున కూర్చుని బుడ్డలు ఒలిచేది గానీ చూపు నీళ్ల మీదే ఉండేది. చాటలో పొట్టూ గింజలూ కలిసిపోయేవి. మేము తడిబట్టలతో పైకొచ్చి, ఎవరూ చెప్పకుండానే ఆమె చుట్టూ కూర్చుని అవి ఏరేవాళ్లం, ఒలిచేవాళ్లం, పగిలిన గింజలు నోట్లో వేసుకునేవాళ్లం. వసారాలో ఎంతకీ తరగని మూట అక్కడ మాటల్లోనే తరిగిపోయేది. బడి తెరిచేలోపు నా నడుముకు బెండ్ల అవసరం లేకపోయింది.

ఆ తర్వాత జేజి మా చేతుల మీద గీత గీయలేదు. బిడ్డల తల్లినయ్యాక, నేను చదివిన బి.ఏ. చదువు కన్నా ఆమె చేసిన ఆ ప్రార్థనే నాకు ఎక్కువ అవసరమవుతోంది. నిన్న నేను చెయ్యి గీసినప్పుడు నా కొడుకు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వాడి ముఖంలో బావి భయం లేదు. ఉన్నది నేనంటే భయం. అది చూశాక తాళంకప్ప పెట్టెలోనే వదిలేశాను.

ఈ పొద్దున బొరుగుల ఉగ్గాని పెట్టి, ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఎందుకు పోయావని అడగలేదు. ఏ బావి అని మాత్రం అడిగాను. వాడు ప్లేటులోకి చూస్తూ చెప్పాడు. ఈత వచ్చా అంటే, "గోడ పట్టుకోని కొంచెం" అన్నాడు. గొంతు మారకుండా చూసుకున్నాను.

"సాయంత్రం ముగ్గురం పోదాం. నేను నేర్పిస్తా."

"నీకు ఈతొచ్చా?" అని ఇద్దరూ ఒక్కసారే నోళ్లు తెరిచారు.

వచ్చని చెప్పాను. తర్వాత వాడి వైపు తిరిగి చెప్పాను. "పూర్తిగా నేర్చుకునేదాకా నేను లేకుండా దిగొద్దు. ఒకవేళ నా మాట కాదని దిగినావే అనుకో, దిగినప్పుడు ఏమన్నా అయితే, అమ్మా అని అరువు. తప్పు చేసినా కదా, ఇప్పుడు అమ్మనెట్ల పిలవాల అని మాత్రం అనుకోవద్దు. బావిలోనే కాదు, యాడన్నా సరే."

వాడు తల ఎత్తకుండానే, "కొట్టవు గదా?" అన్నాడు.

"కొట్టను నాయనా. ముందు బయటికి లాగుతా. అరిస్తేనే కదా, యాడుండావో నాకు తెలిసేది."